లార్జ్ ఫైన్ పెళ్ళికొడుకు

జట్‌పురా గేటు దాటి ఎడమ చేతి సందులోకి తిరిగితే రామకిషన్ ఫోటో స్టూడియో. బోర్డు మీద పేరు రామకిషన్‌ది, లోపల పని మాత్రం ఆయన అన్న కూతురు ప్రణాలిది. రామకిషన్ పెళ్ళి ఆర్డర్లంటూ ఊళ్ళు పట్టుకుని తిరుగుతుంటే, వచ్చినవాళ్ళ జుట్టు సర్ది, గడ్డం పైకెత్తించి, కళ్ళు మూయొద్దని బతిమాలి ఫోటోలు తీసేది ఆమే.

ఆ రోజు వాన. ఎండాకాలమంతా జనాన్ని పెనం మీద వేయించిన చంద్రపూర్ ఆకాశం, చేసిన తప్పుకు మాఫీ అడుగుతున్నట్టు పొద్దున్నించీ ఒకటే కురుస్తోంది. ఇక చాల్లే తల్లీ అన్నా వినడం లేదు.

గుమ్మంలో ఒక అబ్బాయి నిలబడ్డాడు. నెత్తి నుంచి, చొక్కా నుంచి, ఆఖరికి ముక్కు కొస నుంచి కూడా నీళ్ళు కారుతున్నాయి.

"ఆగు! ఆడనే ఆగు! లోపటికి రాకు!" అని అరిచింది ప్రణాలి.

"ఫోటో దిగాలె గద. రోడ్డు మీదనే దిగాల్నా?"

"కింద లైట్ల వైర్లున్నయ్. నీ నీళ్ళు వైరు మీద పడ్తే ఇద్దరం పోతం. నేను పోతే మా అమ్మకు ఎవరూ లేరు."

"మరి నేను పోతే?"

"నీకెవరున్నరో నాకేం ఎరుక?"

"అయ్య ఉన్నడు, అవ్వ ఉన్నది. ఇంకెవరన్నా ఉండాలెనని మా అయ్య ఆరాటం. గందుకే ఫోటో."

ప్రణాలికి నవ్వొచ్చింది. కానీ వైర్లు గుర్తొచ్చి నవ్వు ఆపుకుంది. తువ్వాలు తీసి విసిరింది.

"తల తుడుసుకో. తడి తల మీద ఫ్యాన్ గాలి తగిల్తే సర్ది పడ్తది."

"ఫోటో తీసేటోళ్ళకు మా సర్దితోని ఏం పని?"

"ముక్కు ఎర్రగైతే కంప్యూటర్ల నేనే సాఫ్ చెయ్యాలె."

అతని పేరు సుదర్శన్. పద్మాపూర్ బొగ్గు గనిలో పంపు మీద పని. గుంతలో నిండిన నీళ్ళను బయటికి తోడడం.

"గనిల తోడినయ్ చాలవని మా స్టూడియోకు గూడ తెచ్చినవా నీళ్ళు?" అంది ప్రణాలి.

"అక్కడ తోడితే జీతమిస్తరు. ఇక్కడ తిడ్తున్నరు."

స్టూలు మీద కూర్చోబెట్టి కెమెరా మెనూ తెరిచింది. అందులో సైజుకు లార్జ్, మీడియం, స్మాల్. క్వాలిటీకి ఫైన్, నార్మల్, బేసిక్. సంబంధాల ఫోటోలు ఎలాగూ ఫోన్లలోనే తిరుగుతాయి కాబట్టి అందరికీ మీడియం, నార్మల్ పెట్టడమే ఆ స్టూడియో ఆనవాయితీ. ఇతనికీ అదే పెట్టింది. అప్పటికి ఇతనూ అందరిలాంటివాడే.

"జర నవ్వు."

"ఎంత?"

"ఎంతేంది? జర."

అతను జర నవ్వలేదు. మొత్తం నవ్వాడు. బుగ్గలు, కళ్ళు, చెవులు కూడా నవ్వాయి. ప్రణాలి వేలు బటన్ మీద ఉందన్న సంగతి ఒక క్షణం మర్చిపోయింది.

"తీసినవా?" అన్నాడు అట్లాగే పళ్ళు బయట పెట్టి. "దవడలు నొస్తున్నయ్."

తీసింది. అతను వచ్చి స్క్రీన్ మీద చూసుకున్నాడు. "బామ్ని ఊళ్ళె సంబంధం చూస్తున్నరు. ఆ పిల్ల ఇది చూసి ఒప్పుకుంటదంటవా?"

"ఒప్పుకోకుంటే ఆమె కండ్లు డాక్టర్‌కు చూపియ్యాలె," అనేసింది ప్రణాలి. అనేశాక నాలుక కరుచుకుంది. అతను మాత్రం వానలోకి దిగి సందు మలుపు దాటేదాకా వెనక్కి తిరిగి చూస్తూనే పోయాడు. ఎదురుగా వస్తున్న ఆవుకు గుద్దుకోలేదంటే అది ఆవు మంచితనం.

*

వారం తిరక్కుండా సుదర్శన్ మళ్ళీ వచ్చాడు. ఈసారి ముందు తండ్రి, వెనక కొడుకు.

తండ్రి గట్టయ్యది బొగ్గు సాంపిల్ పని. రైలు వ్యాగన్లలో బొగ్గు నింపాక, అందులోంచి కొంచెం కొంచెం తీసి, పొడి చేసి, గ్రేడ్ తేల్చడానికి పంపేది ఆయనే. ఆయన దృష్టిలో లోకంలో మనుషులు రెండే రకాలు. సాంపిల్ సరిగ్గా తీసేవాళ్ళు, దొంగలు.

"పిల్లా, నా కొడుకు ఇక్కడ ఎంత గ్రేడ్‌ల ఎక్కిండు?" అన్నాడు, గొడుగు కూడా ముడవకుండా.

"అంటే, అంకుల్?"

"ఇక్కడ నీ డబ్బల చూస్తే తళతళ ఉన్నడు. బామ్నిల దిగేసరికి మొఖం నిండ బూడిద. పిల్ల తండ్రి విజయ్‌కుమార్ సాబ్ ఏమన్నడో ఎరుకేనా? 'గట్టన్నా, పిలగాడు జర మసకగున్నడు' అన్నడు! నా బతుకంతా గిదే మాట పడుకుంట వచ్చిన. మేం జీ-నైన్ ఎక్కిస్తం. కరెంటు తయారుచేసేటోళ్ళు జీ-ట్వెల్వ్ దిగిందంటరు. నంబర్ పెరిగిందంటే మాల్ చెడ్డదన్నట్టు. దారిల ఏమైతదో దేవునికెరుక. ఇన్నేండ్లు బొగ్గుకే అనుకున్న. ఇప్పుడు కొడుక్కు గూడ అయింది!"

"ఫోన్ల పంపితే గట్లనే అయితది అంకుల్. అదే తనంతట తను చిన్నగ చేస్తది."

"ఎవరు చేస్తరు?"

"ఎవరూ చెయ్యరు. అదే."

"అదే అంటే? దొంగకు పేరుండదా?"

సుదర్శన్ వెనక నిలబడి, తండ్రికి కనబడకుండా చేతులు జోడించి ప్రణాలికి దండం పెట్టాడు. ఆమె మెనూ తెరిచి చూపించింది. ఇది సైజు, ఇది క్వాలిటీ, రెండూ వేరువేరు అని చెప్పింది.

గట్టయ్య ముఖం వెలిగిపోయింది. "వేరువేరా! శాబాష్! నేనెప్పుడూ గదే మొత్తుకుంట. గడ్డ పెద్దగున్నంత మాత్రాన మంచి బొగ్గు గాదు, చిన్నగున్నంత మాత్రాన చెడ్డది గాదు. ఈ డబ్బ చేసినాయన కచ్చితంగ గనుల పనిచేసిండు. పెద్ద సైజు, మంచి గ్రేడ్. రెండూ పెట్టు."

"సరే అంకుల్. నువ్వు కూసో సుదర్శన్."

"ఆగు. ఒక్క ఫోటోతోని సాంపిల్ గాదు. వ్యాగన్ల మేం పైన తీస్తం, నడుమ తీస్తం, అడుగున తీస్తం. పైన నిగనిగలాడే బొగ్గు పోసి, అడుగున రాయి పెట్టెటోళ్ళుంటరు. మొఖం ఒక్కటి చూపిస్తే ఎవరు నమ్ముతరు? చెవి తియ్యి. మోచెయ్యి తియ్యి. మడిమ తియ్యి."

"అయ్యా, ఇజ్జత్ పోతది!" అన్నాడు సుదర్శన్.

"ఇజ్జత్ ఫోటోల పడది. చెప్పు ఇడువు."

ఆజ్ఞ ఇచ్చేసి గట్టయ్య ఎదురు హోటల్లో చాయ్ తాగడానికి పోయాడు. లోపల ప్రణాలి, పెళ్ళికావలసిన ఒక యువకుడి చెవికి లైటింగ్ పెడుతూ మిగిలింది.

"కదలకు."

"నేను కదల్తలే. చెవి దానంతట అదే కదుల్తుంది."

"ఎర్రగెందుకైంది?"

"ఇంత దగ్గర నుంచి దాన్ని ఎవ్వరూ చూడలే. సిగ్గుపడ్తుంది."

మోచెయ్యి అయింది. ఇక మడిమ. స్టూలు మీద కాలు పెట్టించి, కెమెరాలోంచి చూసి ప్రణాలి గుండె బాదుకుంది. "అరే దేవా! ఏంది ఈ పగుళ్ళు? దినమంతా నీళ్ళల్ల నిలబడ్తవా? చీము పడ్తే ఏం కావాలె? పండుకునే ముందు కొబ్బరినూనె రాసుకోరాదు?"

"రాసేటోళ్ళు లేకనే గద బామ్ని పోతున్నం."

హాస్యానికే అన్నాడు. కానీ ఆమెకు ఎక్కడో చుర్రుమంది. బామ్నిలో ఎవరో ఒకామె ఈ మడిమను ఒళ్ళో పెట్టుకుని నూనె రాయడం కళ్ళకు కట్టింది. రాసే పద్ధతి కూడా సరిగ్గా లేదు, పైపైన రాసి వదిలేస్తోంది.

"అయితే ఆమెతోనే రాయించుకో," అంది. చెయ్యి మెనూ మీదికి పోయింది. లార్జ్ దిగి మీడియం, మీడియం దిగి స్మాల్. ఫైన్ దిగి నార్మల్, నార్మల్ దిగి బేసిక్. అప్పటిదాకా తీసినవి చెరిపేసి, చెవి, మోచెయ్యి, ముఖం, అన్నీ మళ్ళీ మొదటి నుంచి తీసింది.

సుదర్శన్ ఒకసారి కెమెరా వెనక వైపుకు తొంగి చూశాడు. బుద్ధిగా మడిమను కొంచెం ఎడమకు తిప్పాడు.

*

పెన్‌డ్రైవ్‌లో పోయిన ఆ ఫోటోలు బామ్నిలో విజయ్‌కుమార్ ఇంటి పెద్ద టీవీ మీద తెరుచుకున్నాయి. చెవి కాలిన రొట్టె ముక్కలా, ముఖం చతురస్రాలు పేర్చిన గోడలా కనబడింది. మడిమను వాళ్ళు కాసేపు గడ్డం అనుకున్నారట.

గట్టయ్య మళ్ళీ వచ్చాడు. మళ్ళీ తీయించాడు. మళ్ళీ చెడింది. మళ్ళీ వచ్చాడు.

"పెద్దదే పెట్టినవా పిల్లా?"

"ఆఁ అంకుల్."

"మంచి గ్రేడేనా?"

"ఆఁ అంకుల్."

అలా అన్నప్పుడల్లా ప్రణాలి ఆయన కళ్ళలోకి చూసేది కాదు. ముసలాయన నోరు పెద్దదే గానీ మనసు చెడ్డది కాదు. వచ్చినప్పుడల్లా కాల్చిన మక్క కంకి తెచ్చి, చల్లారకముందే తినమని చేతిలో పెట్టేవాడు. ఆ కంకి తింటూనే ఆయన్ని మోసం చేసేది. సగం కంకి కాగితంలో చుట్టి పక్కన పెట్టేసేది. అయినా చెయ్యి స్మాల్ మీదికే పోయేది. పెద్దగా తీస్తే ఆ నవ్వు బామ్ని పోతుంది, పోతే తిరిగి రాదు. చిన్నగా తీస్తే సుదర్శన్ మళ్ళీ వస్తాడు. ఇంతకన్నా లెక్క ఆమెకు తోచలేదు.

ఒక రోజు తండ్రి చాయ్‌కి పోయాక సుదర్శన్ అన్నాడు, "నీ కెమెరాకు నేనంటే పడదనుకుంట."

"కెమెరా తప్పేం లేదు."

"మరి తప్పు ఎవరిది?"

"నీ మొఖానిదే. ఎక్కువ నవ్వుతవ్. దాంట్ల పట్టదు."

"అయితే ఇంకోసారి రావాలంటవ్."

"నేనేం రమ్మంట లేను."

"నేనూ వస్త అంట లేను," అన్నాడు. "మా అయ్య తోల్కొస్తుండు."

బయట వాన. లోపల ఇద్దరూ కెమెరా వైపు చూస్తూ నిలబడ్డారు. ఒకరినొకరు చూసుకునే ధైర్యం లేనివాళ్ళకు అదొక సౌకర్యం.

*

చివరికి గట్టయ్యకు ఓపిక పోయింది. ఒక ఆదివారం భార్య నర్సక్కను కూడా వెంటబెట్టుకుని స్టూడియోలో అడుగుపెట్టాడు. చేతిలో సూతిల్ తాడు, ఎర్ర లక్క కడ్డీ, అగ్గిపెట్టె.

"ఇయ్యాల జాయింట్ సాంపిలింగ్!" అని ప్రకటించాడు. "గ్రేడ్ కాడ కొట్లాట వస్తే మేం చేసేది గిదే. ఇచ్చేటోళ్ళు, తీసుకునేటోళ్ళు, రెండు పార్టీల ముంగట సీల్ తెరవాలె. ఫోన్ గీన్ బంద్. ఫోటో ఇక్కడ తీయాలె, డబ్బల నుంచి బయటికి తీయకుండ డబ్బనే సీల్ చెయ్యాలె, బామ్నిల అందరి ముంగట తెరవాలె."

"కెమెరాకు సీలా!" అంది ప్రణాలి.

"సంచికి. నువ్వూ రావాలె. మెషిన్ నడిపేటోళ్ళు లేకుంటే సాంపిల్ చెల్లదు."

ఈసారి కళ్ళద్దాలు పెట్టుకుని, మెనూ తానే చదివాడు. "ఎల్. ఇది పెద్దది. ఫైన్. ఇది మంచిది. ఇప్పుడు చెయ్యి తియ్యి. ఇంకేం ముట్టకు. చెయ్యి వణికితే గూడ గ్రేడ్ పోతది, ఆ మూడు కాళ్ళ దాని మీద పెట్టు."

కెమెరా స్టాండ్ ఎక్కింది. ప్రణాలి దాని పక్కన నిలబడింది. ఇక దాక్కోవడానికి కెమెరా కూడా లేదు. ఎదురుగా స్టూలు మీద సుదర్శన్, ఇస్త్రీ చొక్కాలో.

"నవ్వురా," అన్నాడు గట్టయ్య.

సుదర్శన్ నవ్వలేదు. ప్రణాలి వైపు చూశాడు. చూస్తూనే ఉన్నాడు.

ప్రణాలి పసుపు రంగు చున్నీ కొంగును కళ్ళకు అద్దుకుంటూ, రెండో చేత్తో బటన్ నొక్కింది.

గట్టయ్య సంచికి తాడు చుట్టి, లక్క కరిగించి ముడి మీద పోసి, ఇంటి తాళంచెవి దాని మీద ఒత్తి ముద్ర వేశాడు. లక్క మంట చున్నీకి అంటుకుంటుందేమోనని ప్రణాలి దూరం జరిగింది. ఆ గాబరాలో కూడా ఆ జాగ్రత్త మాత్రం మర్చిపోలేదు.

బామ్ని పోయే దారిలో, బల్లార్‌పూర్ బస్సులో నర్సక్క ఆమె పక్కన కూర్చుంది.

"నాయన ఏం జేస్తడు బిడ్డా?"

"లేడత్తా. ఎర్రయ్య అని. కోర్పనా దిక్కు మాకు చేను ఉండె."

"ఎర్రయ్యనా? పత్తి చేను ఎర్రయ్య? ఆయన పెండ్లాం మల్లమ్మ మా అక్క ఆడిబిడ్డ తోటికోడలికి చెల్లె అయితది!" అంది నర్సక్క. ఇక అక్కడి నుంచి బల్లార్‌పూర్ దాకా ప్రణాలి ముఖాన్నే చూస్తూ కూర్చుంది. ప్రణాలి మాత్రం ఒళ్ళో ఉన్న సంచిని చూస్తూ కూర్చుంది. తన మెడకు ఉరి తాడు తానే మోసుకుపోతున్నట్టుంది ఆమెకు. ముందు సీట్లో సుదర్శన్ వీపు కదలకుండా ఉంది.

*

బామ్నిలో విజయ్‌కుమార్ పేపర్ మిల్లులో పనిచేస్తాడు. కాగితం ఎంత తెల్లగా ఉంది, ఎంత మందంగా ఉంది అని చూసే పని. ఆ అలవాటు కొద్దీ ఏది చేతికి అందినా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి చూస్తాడు. వచ్చినవాళ్ళకు నీళ్ళిస్తూ గట్టయ్య కండువా అంచును కూడా నలిపి చూశాడు.

"జర పల్చగుంది గట్టన్నా."

"కండువా సంగతి ఇడువుండ్రి సాబ్. సీల్ చూడుండ్రి. పగిలిందా? పగల్లేదు. అందరు చూసిండ్రా? ఇప్పుడు పగలగొడ్తున్న."

పగలగొట్టాడు. ప్రణాలి కెమెరాను వైరుతో టీవీకి తగిలించింది. గోడంత టీవీ నిండా సుదర్శన్ ముఖం.

ఎంత స్పష్టంగా ఉందంటే, గడ్డం గీసుకుంటూ ఎక్కడ చెయ్యి జారిందో కూడా కనబడుతోంది.

"ఇప్పుడు చెప్పుండ్రి!" అన్నాడు గట్టయ్య ఛాతీ ఉబ్బించి. "మసకనా?"

"మసక లేదు గని," విజయ్‌కుమార్ టీవీ దగ్గరికి పోయి అద్దాన్ని వేలితో తడిమాడు, "తెలుపు జర తక్కువుంది."

"మాది బొగ్గు సాబ్! కాగితం గాదు!"

"తెలుపు లేకుంటే క్వాలిటీ ఎట్లంటం?"

"నలుపు లేకుంటే మీ మిల్లు ఎట్ల నడుస్తది?"

ఇద్దరు పెద్దమనుషులు నలుపు తెలుపుల మీద గొంతులు పెంచుతుంటే, విజయ్‌కుమార్ కూతురు సౌజన్య చాయ్ పళ్ళెం పక్కన పెట్టి కెమెరా చేతిలోకి తీసుకుంది. పెళ్ళికొడుకును చూడాల్సింది ఆమె కదా. బటన్ నొక్కి ఫోటోను పెద్దది చేసింది. నుదురు. ఇంకా పెద్దది చేసింది. కనుబొమ్మ. ఇంకా. టీవీ నిండా ఒకే ఒక్క కన్ను.

"బాపూ," అంది సౌజన్య. "బఘ్ నా, చూడు. ఈయన కంట్ల ఏందో ఉంది."

"నలుసా?"

"నలుసు గాదు. పిల్ల."

కొట్లాట ఆగిపోయింది.

నల్లటి కంటిపాప మీద, స్టూడియో లైటు పక్కన, చిన్నగా, స్పష్టంగా ఒక ఆడపిల్ల నిలబడి ఉంది. పసుపు రంగు చున్నీ. కొంగు కళ్ళకు అద్దుకుంటోంది.

"ఏడుస్తుంది బాపూ," అంది సౌజన్య.

గట్టయ్య కళ్ళద్దాలు తుడుచుకుని చూశాడు. "ఒక్క చోట చూసి చెప్పొద్దు. రెండో కన్ను చూడు."

సౌజన్య రెండో కంటికి జరిపింది. అందులోనూ అదే పిల్ల, అదే చున్నీ, అదే ఏడుపు.

గదిలో అందరి తలలూ మెల్లగా ప్రణాలి వైపు తిరిగాయి. ఆమె ఒంటి మీద అదే చున్నీ. భూమి చీలితే బాగుండునని చూసింది. విజయ్‌కుమార్ వేయించిన గచ్చు, గట్టిది, చీలలేదు.

సౌజన్య ఊరుకోలేదు. పాత ఫోటోలు ఒక్కొక్కటే వెనక్కి జరిపింది. "ఇవన్నీ స్మాల్, బేసిక్. చెవి స్మాల్. మోచెయ్యి స్మాల్. ఇది గడ్డం..."

"మడిమ," అన్నాడు సుదర్శన్.

"మడిమ గూడ స్మాల్."

గట్టయ్య లేచి నిలబడ్డాడు. గొంతులో కోపం కన్నా దెబ్బ ఎక్కువ వినిపించింది. "పెద్దదే పెట్టిన అన్నవ్ గద పిల్లా. ఆఁ అంకుల్, ఆఁ అంకుల్ అని. నా చేతి కంకి తినుకుంట సాంపిల్ మారుస్తవా? ఎందుకు?"

అబద్ధం ఏదైనా చెప్పొచ్చు. కెమెరా పాడైందని చెప్పొచ్చు. ప్రణాలి నోరు తెరిచింది. అబద్ధం రాలేదు.

"పెద్దగ తీస్తే ఈ సంబంధం ఖాయమైతది గద, మామా."

అంకుల్ మామ ఎప్పుడయ్యాడో ఆమెకే తెలియదు. నర్సక్క మాత్రం విన్నది.

"నాకెరుకే అయ్యా," అన్నాడు సుదర్శన్.

"ఏమెరుక?"

"చిన్నగ తీస్తుందని. మడిమ తీసిననాడే చూసిన."

"చూసి చెప్పలే?"

"చెప్తే పెద్దగ తీస్తది గద. పెద్దగ తీస్తే మళ్ళ స్టూడియోకు పోయేది ఉండదు."

ప్రణాలి తలెత్తి అతన్ని చూసింది. ఇన్నాళ్ళూ దొంగతనం తనొక్కతే చేస్తున్నానని కుమిలిపోయింది. పక్కనే ఇంకో దొంగ మడిమ తిప్పి మరీ సాయం చేశాడు.

"ఇద్దరు కలిసి!" గట్టయ్య చేతులు పైకెత్తాడు. "సాబ్, నా ఇంట్లనే గ్రేడ్ కుంభకోణం! సాంపిల్ మార్చెటోళ్ళను నేను బతుకంత..."

"ఏందయ్యా, ఒకటే సాంపిల్ సాంపిల్ అంటున్నవ్," అంది నర్సక్క. అంతదాకా గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి. "నీ ఫోటో ఎవరు చూసిండ్రు? మా నాయన నిన్ను చూస్తందుకు వచ్చిననాడు, నువ్వు షిఫ్టు దిగి అప్పుడే గనిల నుంచి పైకి వస్తున్నవ్. నెత్తి నుంచి కాళ్ళ దాక మసి. నవ్వితే పండ్లు కనపడ్డయ్, చూస్తే కండ్లు కనపడ్డయ్. ఇంకేం కనపడలే. ఇంటికొచ్చినంక 'పిలగాడు ఎట్లున్నడు నాయినా' అని అడిగితే, 'ఉన్నడు బిడ్డా' అన్నడు. గంతే. ఉన్నడు అన్న ఒక్క మాట మీద నీ ఎంబడి వచ్చిన. సైజేంది, క్వాలిటీ ఏంది అని ఎవరినన్నా అడిగిన్నా?"

గట్టయ్య గొంతు తగ్గింది. "తర్వాత మొఖం కడుక్కున్న గద."

"కడుక్కున్నవ్. కడుక్కున్నంక గూడ గట్లనే ఉన్నవ్."

ముందుగా నవ్వింది సౌజన్య. "బాపూ, నాకేం బాధ లేదు. నేను ఇన్నొద్దులు చూసింది ఆయన చెవి ఒక్కటే. దాని మీద నాకు ఆశేం పుట్టలే."

విజయ్‌కుమార్ అలవాటుగా కుర్చీ మీది గుడ్డను నలిపి చూసి, నిట్టూర్చాడు. "గట్టన్నా, మాల్ మంచిదే. కాకపోతే ఇదివరకే వేరే ఊరికి బుక్కయింది. చాయ్ తాగి పోండ్రి."

గట్టయ్య చాయ్ తాగాడు. టీవీ మీద ఇంకా కొడుకు కన్ను అట్లాగే ఉంది. దాన్నే చూస్తూ తాగాడు. సాసర్ కింద పెట్టి అడిగాడు, "పిల్లా, మీ ఇల్లు ఎక్కడ?"

"బాబూపేట్, మామా."

"నడువుండ్రి. మీ అమ్మను అడగాలె."

*

బాబూపేట్ చేరేసరికి వాన మళ్ళీ అందుకుంది. నలుగురికీ ఒక్క గొడుగు. దాని కింద గట్టయ్య కెమెరా సంచిని పెట్టి, మనుషులను తడవనిచ్చాడు.

తలుపు తీసిన మల్లమ్మకు ముందు కూతురి తడి తల కనబడింది, తర్వాతే మనుషులు. అందరినీ లోపల కూర్చోబెట్టి, ఉన్న ఒక్క తువ్వాలును చేతులు మార్పించి, వచ్చిన పని ఏంటో నర్సక్క నోట వింది. వింటుంటే ఆమె కళ్ళు తలుపు దగ్గర నీడలో నిలబడ్డ అబ్బాయి కోసం వెతికాయి. సాయంత్రం చీకటి, కరెంటు దీపం చిన్నది.

"అంత మంచిగనే ఉన్నది గని వదినా," అంది మల్లమ్మ మొహమాటంగా, "ముందుగాల పిలగాని ఫోటో ఒకటి పంపితే..."

"వద్దు!" అన్నారు నలుగురూ ఒక్కసారే. ప్రణాలి గొంతు అందరికన్నా పైన వినిపించింది.

మల్లమ్మ ఉలిక్కిపడింది. అప్పుడు సుదర్శన్ చెప్పులు విడిచి, గదిలో దీపం కిందికి వచ్చి నిలబడ్డాడు. తడిసిన చొక్కా ఒంటికి అతుక్కుని, జుట్టు నుదుటి మీద పడి ఉంది. నవ్వుదామనుకున్నాడు గానీ రాలేదు.

"నేనే వచ్చిన అత్తా," అన్నాడు. "చూడుండ్రి."

మల్లమ్మ చూసింది. తొందరపడకుండా చూసింది. ఇప్పుడు మార్చడానికి ఏ సెట్టింగూ లేదు. ఉన్నది ఉన్నట్టే అమ్మకు కనబడుతుంది. నచ్చకపోతే మళ్ళీ తీద్దామనడానికి లేదు.

"బక్కగున్నడు," అంది మల్లమ్మ చివరికి. "కూసోండ్రి. అన్నం తిందురు."

అన్నం ఉంది, టమాట చారు ఉంది. గుడ్డు మాత్రం ఒక్కటే ఉంది. కూతురి కోసం పొద్దున ఉడకబెట్టి మూత పెట్టింది.

ముగ్గురు చుట్టాలు, ఒక గుడ్డు. మల్లమ్మ దాన్ని గరిటెలో పెట్టుకుని వరస దగ్గరికి వచ్చింది. పెద్దవాడు కాబట్టి గట్టయ్య కంచం కొంచెం ముందుకు జరిపాడు. గరిటె ఆయన్ని దాటింది. నర్సక్కను దాటింది. చివర కూర్చున్న సుదర్శన్ అన్నం మీద ఆగి, మెల్లగా వంగింది.

గట్టయ్య భార్య వైపు చూశాడు. నర్సక్క చారు వైపు చూసింది.

వంటింటి తలుపు దగ్గర నిలబడ్డ ప్రణాలి పొద్దున్నించీ ఏమీ తినలేదు, కడుపు నకనకలాడుతోంది. అయినా గుడ్డు చేజారినందుకు అంత సంతోషపడ్డ మనిషి ఆ రాత్రి బాబూపేట్ మొత్తంలో ఇంకొకరు లేరు.